నాన్నగారికి, షేర్ల సంగతి

సియాటెల్,
ఆదివారం.

పూజ్యులైన నాన్నగారికి నమస్కారములు. ఇక్కడ మేమంతా క్షేమం. ఆఫీసు ఎప్పటిలాగే ఉంది. మొన్న ఫోనులో మీరు “చిన్న కంపెనీల్లో డబ్బు తగలేశావట” అన్నప్పుడు అమ్మ పక్కనే ఉందని మాట మార్చాను. అన్నయ్య మీతో చెప్పింది నిజమే.

2021లో నేను కొన్నది నష్టాల్లో నడుస్తున్న ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. అమ్మకాలు పెరుగుతున్నాయని చూశానే గాని, ఖర్చులకు చాలక ఏటా కొత్త షేర్లు జారీ చేస్తున్నారన్నది పట్టించుకోలేదు. పాలలో నీళ్ళు కలిపినట్టు, నా షేర్ల లెక్క తగ్గకుండానే నా వాటా పలచబడింది. 2022లో ఇక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వు సున్నాకు దగ్గరగా ఉన్న వడ్డీ రేటును ఏడాది చివరికల్లా 4.25–4.5 శాతానికి చేర్చడంతో, అలాంటి కంపెనీలకు డబ్బు పుట్టడమే కష్టమైంది. ఇక్కడ మాకు మార్కెట్టు ఉదయం ఆరున్నరకే మొదలవుతుంది. డికాక్షన్ దిగేలోపు ఫోను తీసి ఎర్ర అంకెలు చూస్తూ, కాఫీ చల్లార్చుకుంటూ ఎనిమిది నెలలు గడిపాను. చివరకు పెట్టినదాంట్లో మూడో వంతు చేతికొచ్చింది.

దానిని అమెరికాలోని పెద్ద కంపెనీల షేర్లన్నీ కలిపి కొనే ఎస్ అండ్ పి 500 ఫండులో వేశాను. పేరుకు అయిదు వందల కంపెనీలే గాని, అందులో సుమారు మూడో వంతు ఏడు పెద్ద టెక్ కంపెనీలదే. సత్యం కంప్యూటర్స్ మాత్రం చిన్న కంపెనీయా అని మీరు అడుగుతారని తెలుసు. కాదు, న్యూయార్క్‌లో సైతం లిస్టయిన ఆ కంపెనీ ఖాతాల్లో చూపిన 5,040 కోట్లు అసలు లేనే లేవని 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు లేఖ రాసేదాకా బయటపడలేదు. మోసమేమీ లేని మైక్రోసాఫ్ట్ సైతం, ఏటా లాభాలు గడిస్తూనే, 1999 డిసెంబరు నాటి షేరు ధరను దాటడానికి 2016 దాకా ఆగింది. అంచేత పెద్దవైతే భద్రమని నేను అనను. ఒక్క కంపెనీ మునిగితే నేనూ మునిగే పరిస్థితి మాత్రం ఇప్పుడు లేదు.

చెల్లి పెళ్ళి సొమ్ము అక్కడి బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోనే ఉంది. దానిని ముట్టుకోలేదు, ముట్టుకోను.

ఆ చిన్న కంపెనీవి ఇరవై షేర్లు మాత్రం అమ్మలేదు. ఈ ఊరిదే అయిన అమెజాన్ 2001లో ఆరు డాలర్ల దగ్గరికి పడి లేచిందన్న ఆశ చావలేదు, కోప్పడకండి. అమ్మ అడిగితే సగమే పోయిందని చెప్పండి.

ఇట్లు,
మీ చిన్నవాడు