మలికిపురం మెకానిక్ బాబాయ్ గారికి మా ఇంటిల్లిపాది కృతజ్ఞతలు

పేరు రాయొద్దని బాబాయ్ గారు గట్టిగా చెప్పారు కాబట్టి రాయడం లేదు. మలికిపురం చుట్టుపక్కల పాత పెట్రోల్ కారున్న వాళ్ళకి ఆయనెవరో ఎలాగూ తెలిసిపోతుంది. ఇంట్లో చెప్పిన థాంక్స్ సరిపోదనిపించి, నలుగురిలో చెప్పాలని ఇది రాస్తున్నాను.

మాది సఖినేటిపల్లి. నాన్నగారికి గుండె ఆపరేషన్ అయ్యాక చెకప్‌లన్నీ భీమవరంలోనే. పొద్దున్నే పంటు, అంటే బళ్ళనీ మనుషుల్నీ దాటించే పెద్ద పడవ, ఎక్కితే వశిష్ఠ గోదావరి దాటి నరసాపురంలో దిగి, ఎండెక్కకుండా హాస్పిటల్‌కి చేరిపోవచ్చు. లేదంటే చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరగాలి. మా ఇంటికి రేవు బాగా దగ్గర. పంటు ఎక్కేసరికి ఇంజిన్ ఇంకా వేడెక్కదు. అక్కడ ఆపేసి, అవతలి రేవులో మళ్ళీ స్టార్ట్ చేసి గట్టెక్కించాలి. సరిగ్గా అక్కడే మా బండి మొరాయించేది. ఇంజిన్ వేగం చూపించే ఆర్పీఎం ముల్లు 600కీ 1000కీ మధ్య ఊగుతూ, స్టీరింగ్ వణికిపోతూ, క్లచ్ వదలగానే ఆగిపోయేది. వెనక బళ్ళవాళ్ళ హారన్లు ఒకపక్క, "మెల్లగా తీయమ్మా" అంటూ నాన్నగారు ఒకపక్క. ఆయన ముందు టెన్షన్ కనపడకుండా ఉండటం నాకు అన్నిటికంటే కష్టంగా ఉండేది. పంటు మీద పనిచేసే కుర్రాళ్ళు అడక్కుండానే వచ్చి బండి తోసేవారు. తమ్ముళ్ళూ, మీ అందరికీ థాంక్స్.

చిక్కేమిటంటే, నరసాపురం దాటేలోపే బండి చక్కబడిపోయేది. వేడెక్కిన ఇంజిన్ నున్నగా, చప్పుడు లేకుండా నడిచేది. ఏ షెడ్డుకి తీసుకెళ్ళినా అక్కడికి చేరేసరికి బాగున్న బండే వాళ్ళకి కనిపించేది. చెక్ ఇంజిన్ లైటు కూడా వెలగలేదు. ఒకచోట స్పార్క్ ప్లగ్గులు మార్చారు, థ్రాటిల్ బాడీ క్లీన్ చేశారు. అయినా తగ్గలేదు. ఇక ఇగ్నిషన్ కాయిల్స్ నాలుగూ మార్చాలన్నారు. అదయితే చాలా ఖర్చు.

అప్పుడు మా మేనమామ బాబాయ్ గారి నంబరిచ్చారు. ఆయన బండి తీసుకురమ్మనలేదు. ముందు ఫోన్లోనే ఓపిగ్గా ప్రశ్నలడిగారు. పెట్రోల్ వాసన వస్తోందా? తెల్ల పొగ వస్తోందా? కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, తగ్గుతోందా? వాన పడ్డ రోజుల్లో ఎక్కువవుతోందా? అన్నిటికీ లేదనే చెప్పాను. చివర్న ఇంకోటి అడిగారు, "పొద్దున్న స్టార్ట్ చెయ్యగానే ఆర్పీఎం పైకి లేచి, ఆ తర్వాత మెల్లగా దిగుతోందా అమ్మా?"

దిగడం మాట అటుంచి, అసలు లేవడమే లేదని అప్పుడు గుర్తొచ్చింది. ఇదివరకు చల్లగా ఉన్నప్పుడు 1400 దాకా వెళ్ళేది.

"అయితే రేపు పొద్దున్న నేనొచ్చేదాకా తాళం తిప్పకండమ్మా. రాత్రంతా బండి కదలకుండా ఉండాలి. జ్వరం దిగాక డాక్టరు దగ్గరికెళ్తే ఆయన మాత్రం ఏం చూస్తాడు?" అన్నారు.

తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే, మోటార్ సైకిల్ మీద వచ్చేశారు. కాఫీ కూడా తర్వాతేనన్నారు. బానెట్ ఎత్తి టార్చి వేసుకుని, ముందు వైర్లూ రబ్బరు గొట్టాలూ వేళ్ళతో తడుముతూ వచ్చారు. కోతలయ్యాక చేలల్లోని ఎలుకలు ఇళ్ళ మీద పడతాయి, బళ్ళల్లో దూరి గొట్టాలు కొరికేస్తాయి, మన వైపు సగం తగాదాలు అక్కడేనట. మా బండిలో కొరుకుడు ఏమీ లేదు. రేడియేటర్ మూత తీసి చూశారు, కూలెంట్ నిండుగానే ఉంది. ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేయించి, సెన్సర్లు చెప్పే అంకెలు చూపించే స్కానర్ తగిలించి, దాని తెర నా వైపు తిప్పారు.

లోపలికెళ్ళే గాలి 24 డిగ్రీలు. కూలెంట్ 71 డిగ్రీలు.

"రాత్రంతా నిలబడ్డ బండిలో ఈ రెండూ ఇంచుమించు ఒకటే ఉండాలమ్మా. చెయ్యి పెట్టి చూడండి" అన్నారు. ఇంజిన్ మీద చెయ్యి పెడితే మంచుకి తడిసిన గేటులా చల్లగా ఉంది. కూలెంట్ వేడి చెప్పే సెన్సర్ మాత్రం 71 అంటోంది.

ఆ తర్వాత ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. చల్లటి ఇంజిన్‌లో పెట్రోల్ సరిగ్గా ఆవిరవదు, కొంత లోపలి గోడలకే అంటుకుపోతుంది. అందుకే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూ, మొదటి కొన్ని నిమిషాలు పెట్రోల్ ఎక్కువిస్తుంది, ఆర్పీఎం కూడా పెంచుతుంది. ఎంత పెంచాలో తెలియడానికి అది ముఖ్యంగా ఈ సెన్సర్ మాటే వింటుంది. ఇది ఇంజిన్ వేడిగా ఉందని చెబుతుంటే ఆ అదనపు పెట్రోల్ ఆగిపోతుంది. దాంతో పెట్రోల్ చాలక మిస్ అవుతూ ఊగుతుంది. ఇంజిన్ నిజంగా వేడెక్కేసరికి సెన్సర్ చెప్పేదీ అసలు వేడీ ఒకటైపోతాయి కాబట్టి అంతా సర్దుకుంటుంది. 71 డిగ్రీలనేది ఇంజిన్‌లో మామూలుగా ఉండగలిగే వేడే కాబట్టి ఈసీయూ దాన్ని అనుమానించలేదు, లైటూ వెలగలేదు.

అంత స్పష్టంగా కనపడ్డా, వెంటనే మార్చేద్దామనలేదు. నాకు బాగా నచ్చింది అదే. సెన్సర్ ప్లగ్గు ఊడదీసి, మీటరు పెట్టి దాని రెసిస్టెన్స్ చూశారు. చల్లగా ఉన్నప్పుడు 2000 ఓములకి అటూ ఇటూ ఉండాల్సింది 400 దగ్గర చూపించింది. వైరింగ్‌లో షార్టేమీ లేదని కూడా చూసుకున్నాకే, తప్పు సెన్సర్‌దేనని తేల్చారు. రాజోలులో స్పేర్ పార్ట్స్ షాపాయనకి ఫోన్ చేస్తే, వేళ కాకుండానే షాపు తెరిచి కొత్తది ఇచ్చారు. ఆయనకీ కృతజ్ఞతలు. కొత్త సెన్సర్‌ని బిగించకుండానే ముందు వైరుకి తగిలించి గాల్లో పట్టుకుంటే స్కానర్ 26 చూపించింది. అప్పుడు బిగించి, కారిన కూలెంట్ మళ్ళీ నింపి, దాని గొట్టాల్లో చేరిన గాలి తీసేశారు.

తాళం తిప్పగానే ముల్లు 1400 దగ్గరికెళ్ళి నిలబడి, ఇంజిన్ వేడెక్కే కొద్దీ 750కి దిగింది. ఎక్కడా వణుకు లేదు. నాన్నగారు వీధరుగు మీద నిలబడి చూస్తూనే ఉన్నారు. బాబాయ్ గారు అప్పటికీ వెళ్ళలేదు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ తనంతట తాను పెట్రోల్ ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో, చూశారు, ప్లస్ మైనస్ 5 లోపే ఉంది. ఎక్కడైనా గాలి లీకవుతుంటే ఆ అంకె బాగా పైకెళ్ళిపోతుందట. అదీ లేదని తేలాకే కాఫీ తాగారు.

సెన్సర్ ఖరీదు కొన్ని వందలే. దాని మీద కూలీ తీసుకున్నారు గానీ, అంత పొద్దున్నే వచ్చినందుకు పెట్రోల్ డబ్బులిస్తామంటే వద్దన్నారు. నాన్నగారు బొండాల గెల ఆయన బండికి కట్టించి పంపారు.

ఆ తర్వాత చెకప్‌కి వెళ్ళినప్పుడు నరసాపురం రేవులో మొదటి తాళానికే స్టార్టయి గట్టెక్కింది. నాన్నగారు ఆ రోజు దారి పొడవునా కబుర్లు చెబుతూనే వచ్చారు. మీ బండి కూడా చల్లగా ఉన్నప్పుడే ఊగుతుంటే, దయచేసి ఒక రాత్రి మెకానిక్ దగ్గర వదిలేసి పొద్దున్నే చూడమనండి. స్టార్ట్ చెయ్యకముందే గాలి వేడీ కూలెంట్ వేడీ ఎంతెంతున్నాయో అడగండి.

బాబాయ్ గారూ, ఆదివారం పిన్నిగారిని తీసుకుని భోజనానికి తప్పకుండా రావాలని నాన్నగారు మరీ మరీ చెప్పమన్నారండి.