మనసు మారడానికీ సాక్ష్యం కావాలి

సంపాదకుల వారికి నమస్కారాలు.

మీ ఆదివారం అనుబంధంలో వచ్చే పుస్తక సమీక్షల పేజీని చాలా ఏళ్లుగా వదలకుండా చదువుతున్నాను. కవితా సంపుటాలకు, కథా సంకలనాలకు అక్కడ తగినంత చోటు దొరుకుతోంది గానీ, ప్రేమ నవలకు, అపరాధ పరిశోధన నవలకు మాత్రం ‘అందిన పుస్తకాలు’ అనే జాబితాలో రెండు వాక్యాలే దక్కుతున్నాయి. కాలక్షేపపు పుస్తకాలకు విమర్శ ఎందుకన్న అభిప్రాయమే దీనికి కారణమైతే, దానితో నేను ఏకీభవించలేను. ఎందుకో ఇటీవల చదివిన కొన్ని పుస్తకాల ఆధారంగా చెప్పుకుంటాను.

జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం నుంచి తెచ్చుకున్నవి కొన్ని, ఆ తరువాత లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో ఏరుకున్నవి కొన్ని, మొత్తం తొమ్మిది నవలలు ఈ మధ్య పూర్తి చేశాను. గుంటూరు కోర్టుల్లో ముప్పయ్యేళ్లకు పైగా గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందిన దానిని కాబట్టి, ఏది చదివినా ‘ఈ మాటకు ఆధారం రికార్డులో ఎక్కడుంది’ అని వెనక్కి తిరగేసి చూడడం నాకు అలవాటు. తీర్పు సరైనదో కాదో సాక్ష్యాన్ని బట్టి తేలుతుంది. నవల ముగింపును కూడా నేను అలాగే చూస్తాను.

ముందుగా ప్రేమ నవలల సంగతి. ఇటీవల వచ్చిన ఒక తెలుగు నవలలో (రచయిత కొత్తవారు, పేరు చెప్పి నొప్పించలేను) నాయిక నాయకుడిని అపార్థం చేసుకుని రెండు వందల పేజీల పాటు అతడి ముఖం చూడదు. చివరికి అతడికి రోడ్డు ప్రమాదం జరుగుతుంది, ఆమె ఆసుపత్రి వరండాలో ఏడుస్తుంది, అపార్థం తొలగిపోతుంది. అతడు ఎలాంటి మనిషో ఆమెకు కొత్తగా తెలిసిందేమీ లేదు. జాలి కలిగింది, అంతే. జాలిని ప్రేమగా చూపించి పుస్తకం ముగించడం ఆ నాయికకు చేసిన అన్యాయమని నా అభిప్రాయం, ఎందుకంటే అప్పటి వరకు ఆమె పడిన కోపానికి రచయితే విలువ లేకుండా చేశారు.

దాని తరువాత జేన్ ఆస్టిన్ 1813లో ప్రచురించిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ మళ్లీ చదివాను. కాలేజీ రోజుల్లో పాఠ్యపుస్తకంగా చదివినప్పుడు నాకు పట్టని విషయం ఈసారి పట్టింది. డార్సీ పెళ్లి ప్రస్తావనను ఎలిజబెత్ తిరస్కరించిన మరునాడు అతడు ఒక పొడవైన ఉత్తరం ఆమె చేతికిచ్చి వెళ్లిపోతాడు. ఆమె మొదట దానిని నమ్మదు. మళ్లీ విప్పుతుంది, ఒక్కొక్క వాక్యం దగ్గర ఆగుతుంది, అంతకు ముందు డార్సీని తప్పుపడుతూ విక్హామ్ అనే యువకుడు చెప్పిన కథను పక్కన పెట్టుకుని పోల్చి చూస్తుంది. పరిచయమై నాలుగు రోజులు కాని తనతో విక్హామ్ అంతటి సొంత విషయాలు ఎలా చెప్పగలిగాడని అప్పుడు తోస్తుంది. ఆ సంభాషణ జరిగినప్పుడు ఆమె అక్కడే ఉంది, మనమూ అక్కడే ఉన్నాం, అయినా ఇద్దరమూ గమనించలేదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో సాక్షి మాట తడబడినప్పుడు హాలంతా ఒక్కసారి నిశ్శబ్దమయ్యే క్షణం నాకు గుర్తుకొచ్చింది. ఎలిజబెత్ మనసు మారిందంటే నేను నమ్మాను, మారడానికి కావలసిన సాక్ష్యమంతా ముందే నా కళ్ల ఎదుట పెట్టారు కాబట్టి.

మన కృష్ణా జిల్లా కాజ గ్రామంలో పుట్టిన యద్దనపూడి సులోచనారాణి గారి ‘సెక్రటరీ’ని కూడా ఈ సందర్భంలోనే తిరిగి చదివాను. ఆరు అడుగుల అందగాడు, కారు, మేడ అంటూ ఆ నవలను తేలిక చేసి మాట్లాడేవారున్నారు. నాయిక జయంతి జాగ్రత్తను వారు సరిగా చూడలేదనుకుంటాను. ఉద్యోగం చేసుకుని బతికే ఆడపిల్ల యజమాని ఆదరణను అనుమానించడంలో ఎంత న్యాయముందో, ఆఫీసుల్లో బతికిన నా తరం ఆడవాళ్లకు తెలుసు. చివరి భాగం కొంచెం తొందరపడిందనిపించినా, ఆ అనుమానం మాత్రం కల్పితంగా అనిపించదు.

అపరాధ పరిశోధన విషయానికి వస్తే నా ఫిర్యాదు మరింత పెద్దది. ఈ మధ్య చదివిన రెండు తెలుగు నవలల్లోనూ ఇన్‌స్పెక్టరు గారు స్టేషనులో నిందితుడిని నాలుగు దెబ్బలు కొడితే అతడు నేరం ఒప్పుకుంటాడు, మరుసటి పేజీలో కోర్టు శిక్ష వేస్తుంది. పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారాన్ని నిందితుడికి వ్యతిరేకంగా రుజువు చేయకూడదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షను చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షను కూడా అదే చెబుతోంది. నిందితుడు ఒప్పుకోదలిస్తే మేజిస్ట్రేటు ముందు ఒప్పుకోవాలి. నీవు చెప్పి తీరాలన్న నిర్బంధమేమీ లేదని, చెబితే అది నీకే వ్యతిరేకంగా పనికిరావచ్చని మేజిస్ట్రేటు ముందుగా అతడికి వివరించాలి. ఆ హెచ్చరిక విన్న తరువాత కూడా నోరు విప్పే మనిషి మనసులో ఏముంటుందో రాయగలిగితే అది ఎంత గొప్ప అధ్యాయమవుతుంది! చట్టం తెలుసుకుంటే కథ చప్పబడుతుందని మన రచయితలు ఎందుకు భయపడతారో నాకు అర్థం కాదు.

ఆగథా క్రిస్టీ 1926 నాటి ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్’ వచ్చినప్పుడు, రచయిత్రి పాఠకులను మోసగించిందని కొందరు తప్పుపట్టారు. ముగింపు బయటపెట్టను గానీ, వెనక్కి వెళ్లి మళ్లీ చదివితే ప్రతి వాక్యమూ నిజమే చెప్పిందని తేలుతుంది. కీగో హిగాషినో రాసిన జపాను నవల ‘ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్’ ఇంకో అడుగు ముందుకు వేసింది. హత్య ఎవరు చేశారో మొదట్లోనే మన ఎదుటే చూపిస్తారు. పక్క ఇంట్లో ఉండే గణిత ఉపాధ్యాయుడు ఆ హత్య చేసిన స్త్రీని కాపాడడానికి ఎంత దూరం వెళతాడన్నదే ఆ తరువాతి కథ. చదవడం ముగించాక ఇది నేరకథా, ప్రేమకథా అని రెండు రోజులు ఆలోచించాను. రెండింటిలోనూ పని చేసేది ఒకటే, ఒక మనిషి గుండెలో దాచుకున్నది ఏమిటన్న ప్రశ్న.

ఒక్క విషయం మాత్రం మంచి నవలల్లో కూడా నాకు వెలితిగానే ఉంది. చనిపోయిన మనిషి మొదటి అధ్యాయం దాటాక ఎవరికీ గుర్తుండడు. ఒక హత్య కేసు విచారణలో, అట్టముక్క చీటీ కట్టి ఎం.ఓ. 3 (అంటే సాక్ష్యంగా పెట్టిన మూడో వస్తువు) అని గుర్తు వేసిన జత చెప్పులను చూపించి, ఇవి మీ అబ్బాయివేనా అని ఒక తల్లిని అడిగారు. ఆమె ఎడమ చెప్పు తీసుకుని, తెగిన పట్టీకి కొబ్బరి తాడు రంగు దారంతో తానే వేసిన కుట్టును బొటనవేలితో తడుముతూ చాలాసేపు నిలబడింది. అవునని నోటితో చెప్పమని మళ్లీ అడగవలసి వచ్చింది. వాంగ్మూలంలో మేము రాసుకున్నది ‘గుర్తించాను’ అన్న ఒక్క మాట. ఆ కుట్టును రాసే నవల కోసం ఇప్పటికీ వెతుకుతున్నాను.

కాబట్టి సంపాదకులకు నా మనవి ఇది. నెలకు ఒక్క ఆదివారమైనా ఈ రెండు రకాల నవలల్లో ఒకదానికి పూర్తి సమీక్ష ఇవ్వండి. కథంతా చెప్పేసి, ముగింపు కూడా బయటపెట్టే సమీక్షలు వద్దు. నాయిక మనసు ఏ పేజీలో మారిందో, ఆ మార్పుకు ఆధారం ముందు ఉందో లేదో, దొంగను పట్టించిన ఆనవాలు పాఠకుడికి కూడా కనబడేలా పెట్టారో లేదో చూసి చెప్పేవారి చేత రాయించండి. కొత్తగా రాస్తున్న పిల్లలకు అలాంటి సమీక్షలు ఇప్పుడు ఎక్కడా దొరకడం లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత కోర్టు ఉద్యోగిని,
బ్రాడీపేట, గుంటూరు.