కామాటిపురా పదకొండో గల్లీకి, మా నాయన తరఫున

పోయిన వారం మా నాయన ఆధార్‌లో పుట్టిన తేదీ సరి అయింది. 1972 జనవరి 1 ఉన్న చోట 1964 జులై 19 పడింది. అది చూసుకోగానే ముంబైకి ఫోన్ కలపమన్నాడు నాయన. అటు పెద్దనాయన ఎత్తగానే "అన్నా, అయిపోయింది" అన్నాడు. తర్వాత ఇద్దరూ చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఆ ఫోన్‌లో చెప్పలేకపోయినవి నేను ఇక్కడ రాస్తున్నాను.

మాది నారాయణపేట జిల్లా, మద్దూరు దిక్కు ఒక చిన్న ఊరు. మా తాత బొంబాయి బట్టల మిల్లులో పని చేసేవాడు. నాయన అక్కడే పుట్టి, మున్సిపాలిటీ వాళ్ల తెలుగు మీడియం బడిలో ఏడో తరగతి వరకు చదివాడు. 1982 జనవరి 18న మిల్లుల సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది కార్మికులు పని ఆపేశారు, అందులో మా తాత ఒకడు. ఏడాది ఎదురుచూసి, మూటాముల్లె కట్టుకొని ఊరికి వచ్చేశారు. ఆ తర్వాత నాయన గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకొని కాలువ పనులకు, డ్యాం పనులకు తిరిగాడు. బొంబాయి కాగితాలన్నీ ఒక వానాకాలం ఇల్లు కూలినప్పుడు మట్టిలో కలిసిపోయాయి. ఆధార్ తీసుకునే రోజు తేదీ గుర్తులేక అంచనాగా ఒక వయసు చెప్పాడు. కార్డులో దాదాపు ఏడున్నరేళ్లు తగ్గిపోయింది. నడుము పోయి పని మానుకున్నాక పింఛన్ కోసం పోతే, 57 నిండాలి, నీకు ఇంకా నిండలేదు అన్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నాయన ఎప్పుడూ "బొంబాయిలో పుట్టిన" అనేవాడు. ఎక్కడ అని అడిగితే "గ్రాంట్ రోడ్డు దగ్గర" అని ఆపేసేవాడు. నా పెళ్లి మాటలప్పుడు మా అత్తగారి వాళ్లు అడిగినా అంతే చెప్పాడు. కామాటిపురా అనే పేరు ఆయన నోట నేను మొదటిసారి విన్నది ఈ జూన్‌లో, పుట్టిన తేదీకి రుజువు వెతకడానికి మేమెక్కిన ముంబై బస్సు సోలాపూర్ దాటాక. ఆ పేరు చెప్పి కిటికీ వైపు తిరిగాడు. ఎందుకు తిరిగాడో నాకు అర్థమైంది. ఆ పేరు వినగానే దేశమంతా ఒక్కటే అనుకుంటుంది కదా, ఒళ్లమ్ముకునే ఆడవాళ్ల వాడ అని.

వానలో దిగాం. నలభై ఏళ్ల తర్వాత నాయనకు దారులు గుర్తురాలేదు. గల్లీలకు నంబర్లున్నా, ఏది ఎక్కడ మొదలవుతుందో తెలియక నిలబడిపోయాం. ఒక గడప ముందు కూర్చున్న అక్క మా మాట విని, కన్నడం కలిసిన తెలుగులో "ఏ ఊరు మీది?" అని అడిగింది. నాయన వణుకుతున్నాడని లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేసింది, చాయ్ తెప్పించింది. తన పని ఏమిటో నాకు తెలుసు, నాకు తెలుసని తనకూ తెలుసు. తనే మమ్మల్ని పదకొండో గల్లీ మూల దాకా తీసుకొచ్చి, అక్కడే ఆగి, "ఇగ ఇక్కడి నుంచి మీవాళ్లే ఉంటరు" అని వెనక్కి పోయింది. అక్కా, నీ పేరు అడగలేదు. మొదటి దండం నీకే.

పెద్దనాయన అని నేను రాస్తున్న ఆయన మాకు రక్తసంబంధం కాదు. మా తాతతో పాటు అదే మిల్లులో చేసినాయన, పాలమూరు మనిషి. 78 ఏళ్లు. నాయన మొహం చూసి తాత పేరు పెట్టి పిలిచాడు. ఆ పొద్దు నుంచి మా పని ఆయన పనైంది.

మొదట వార్డు ఆఫీసుకు పోయాం. పుట్టిన సంవత్సరమైనా తెలియకుండా రిజిస్టర్లు వెతకలేమన్నారు. అప్పుడు పెద్దనాయనే "బడికి పోదాం" అన్నాడు. బడి ఉంది గానీ తెలుగు పిల్లలు లేరు, వేరే మీడియం నడుస్తోంది. అక్కడి మరాఠీ మేడమ్ విసుక్కోకుండా రెండు రోజులు బీరువాలు తీయించింది. బడిలో చేరిన పిల్లల వివరాలు రాసే పాత జనరల్ రిజిస్టర్లు దొరికాయి, కానీ రాత తెలుగులో ఉంది. ఆమెకు రాదు. పెద్దనాయన అద్దాలు తుడుచుకొని, ఒక్కో పేరు మీద వేలు పెట్టి చదువుకుంటూ పోయాడు. కొన్ని పేర్ల దగ్గర ఆగి "వీడు పోయిండు", "ఈమె సూరత్‌ల ఉంది" అనుకుంటూ. మూడో రిజిస్టర్‌లో నాయన పేరు, అవ్వ పేరు, తేదీ. పుట్టిన చోటు అన్న గడిలో కామాటిపురా. నాయన ఆ గడి మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు. మేడమ్ తన కుర్చీలోంచి లేచి బయటికి వెళ్లింది, మమ్మల్ని కాసేపు వదిలేయాలని.

తేదీ దొరికాక వార్డు ఆఫీసులో జనన నమోదు కూడా దొరికింది. అందులో పేరు లేదు, మగ శిశువు అని మాత్రమే ఉంది. అఫిడవిట్ కావాలి, పేరు చేర్పించాలి. ఆ తొమ్మిది రోజులు మేము పడుకున్నది బ్యాగులు కుట్టే కార్ఖానాలో. బీహార్ నుంచి వచ్చిన పిల్లలు మిషన్లు జరిపి మాకు చోటిచ్చారు. ఒకప్పుడు మన తెలుగువాళ్లున్న గదుల్లో ఇప్పుడు వాళ్లుంటున్నారు. వాళ్లలో ఒక తమ్ముడు "మా నాయనకు కూడా తేదీ తెలియదు దీదీ" అన్నాడు. జిరాక్సులకు, టైపింగ్‌కు డబ్బులిస్తే గల్లీ మూల దుకాణం భాయ్ తీసుకోలేదు. "మీ తాత ఖాతా మా అబ్బా దగ్గర ఉండేది" అన్నాడు.

రాత్రిపూట మెట్ల మీద కూర్చొని పెద్దనాయన చెప్పేవాడు. సముద్రం నీళ్లు రాకుండా 1784 నాటికి ఇంగ్లీషువాళ్లు వెల్లార్డ్ అనే కట్ట కట్టించాక, ఈ పల్లపు బురద నేల మెల్లగా పూడింది. నిజాం రాజ్యం నుంచి మట్టి పనికి, ఇళ్ల పనికి వచ్చిన మనవాళ్లు ఇక్కడ దిగారు. కామాటి అంటే కూలి పని చేసేటోడు. ఊరికి వాళ్ల పేరే పడింది. "బొంబాయిల ఎన్ని ఇండ్లు మన చేతుల మీద లేసినయో లెక్క లేదు బిడ్డా. మా పేరు చెప్తే మాత్రం ఎవ్వరికీ ఇండ్లు యాదికి రావు."

ఇప్పుడు మహారాష్ట్ర ప్రభుత్వ ఇళ్ల సంస్థ మ్హాడా ఆధ్వర్యంలో దాదాపు 34 ఎకరాల్లో పాత కట్టడాలన్నీ తీసి కొత్తవి కట్టే పని పెట్టుకున్నారు. పగ్డీ మీద, అంటే ముందే ఒక మొత్తం కట్టి తక్కువ కిరాయికి తరాలుగా ఉంటున్నవాళ్లు పెద్ద గదులు వస్తాయని ఆశ పడుతున్నారు. ఎవరి పక్కన ఎవరుంటారో, బతుకమ్మ ఆడే జాగా మిగులుతుందో లేదో అని టెన్షన్ కూడా పడుతున్నారు. పెద్దనాయన కోరిక ఒక్కటే. కొత్త బిల్డింగులకు ఏ పేరైనా పెట్టుకోండి, బస్తీ పేరు మాత్రం మార్చొద్దు.

బయలుదేరే రోజు ఆయనకు బట్టలు పెడితే తీసుకోలేదు. "నువ్వు చదువుకున్నదానివి. మా గల్లీ మీద ఎవరు రాసినా ఒక్క తీరుగనే రాస్తరు. నువ్వు చూసింది రాయి, అంతే చాలు" అన్నాడు. చూసింది రాశాను పెద్దనాయనా.

మన దిక్కు బొంబాయిలో పుట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. తేదీ తెలియకపోతే ముందు చదివిన బడికి పోయి జనరల్ రిజిస్టర్ అడగండి. తల్లి పేరు, ఉన్న గల్లీ నంబరు రాసుకొని పోండి. తెలుగు చదవగలిగే పెద్దమనిషిని వెంట తీసుకుపోండి.

పింఛన్‌కు అర్జీ పెట్టాం. దసరాకు సీతాఫలాలు తీసుకొని వస్తాం, బ్యాగుల తమ్ముళ్లకు, మేడమ్‌కు, భాయ్‌కి, ఆ అక్కకు అందరికీ సరిపోయేటన్ని. ఇదంతా నాయనకు చదివి వినిపించాను. "గల్లీ నంబరు పైన పెద్దగ రాసినవా?" అని అడిగాడు. రాశాను నాయనా.