అక్కను బాలకార్మికురాలు అన్నందుకు కృతజ్ఞతలు

పిల్లలను పని మాన్పించి బడికి పంపే ఎం.వి. ఫౌండేషన్ వారికి, ముఖ్యంగా 1997 ఎండాకాలంలో రంగారెడ్డి జిల్లాలోని మా ఊరికి సైకిల్ మీద వచ్చిన మేడమ్‌కు నమస్కారాలు.

ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు పాతికేళ్ళ పైనే పట్టింది. నిజానికి రాయవలసింది అక్క. మొన్న బడిబాటలో అంగన్‌వాడీ రిజిస్టరు చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి వచ్చి, కాళ్ళు చాపుకుని కూర్చున్నప్పుడు అడిగాను, “ఆ మేడమ్‌కు ఎప్పుడైనా థ్యాంక్స్ చెప్పావా?” అని. “నువ్వే చెప్పు. నీ వల్లే కదా నేను బడి మానింది” అంది నవ్వుతూ. నవ్వుతూ అన్నా అది అబద్ధం కాదు.

అక్క నాకన్నా ఏడేళ్ళు పెద్ద. నేను పుట్టేనాటికి రెండో తరగతిలో ఉంది. నాన్న ఒక రైతు దగ్గర ఏడాది జీతానికి ఉండేవాడు. అమ్మ నాట్లకూ కలుపులకూ వెళ్ళేది. నాకు మూడో నెల రాగానే పలక అటక మీదికి ఎక్కింది, నేను అక్క చంక ఎక్కాను. ఐదేళ్ళు దిగలేదు.

అక్క రోజు ఎలా గడిచేదో నాకు కొంత గుర్తు, కొంత అమ్మ చెప్పినది. తెల్లవారకముందే బోరింగు దగ్గర బిందెల వరుసలో నిలబడటం, పేడ తీయడం, అన్నం వండటం, రెండు మేకలను విప్పడం, మధ్యాహ్నం చేనుకు సద్ది మోయడం. ఇవన్నీ నన్ను ఎడమ చంకన పెట్టుకునే. దీన్ని ఎవరూ పని అనేవారు కాదు. “మీ పెద్దపిల్ల ఏం చేస్తుంది?” అని ఎవరైనా అడిగితే అమ్మ వెంటనే చెప్పే జవాబు ఒకటే: “ఏమీ చేయదు, ఇంట్లోనే ఉంటుంది.”

ఆ జవాబునే మేడమ్‌కూ చెప్పింది. మేడమ్ మా అరుగు మీద కూర్చుని, గీతల నోటుపుస్తకంలో ఏదో రాసుకున్నారు. ఏం రాశారని అమ్మ అడిగింది. “బాలకార్మికురాలు అని రాశాను” అన్నారు.

అమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. “నా బిడ్డ హోటల్లో కప్పులు కడుగుతోందా, ఇటుకలు మోస్తోందా? తమ్ముణ్ణి ఎత్తుకుంటే కార్మికురాలవుతుందా?” అని వీధి వీధంతా వినేలా అరిచింది. తాగడానికి మంచినీళ్ళు కూడా ఇవ్వలేదట. అమ్మ ఎంత కోపంలో ఉన్నా ఇంటికొచ్చినవాళ్ళకు నీళ్ళివ్వకుండా పంపిన సందర్భం మా ఇంట్లో అదొక్కటే. మేడమ్ మాత్రం గొంతు పెంచలేదు. “బడిలో లేని పిల్ల ఎక్కడున్నా బాలకార్మికురాలేనమ్మా. మా లెక్క అంతే” అని సైకిల్ ఎక్కి వెళ్ళిపోయారు. మూడో రోజు మళ్ళీ వచ్చారు.

ఆ లెక్క ఎంత పెద్దదో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. అప్పటికి ఉన్న 1986 నాటి బాలకార్మిక చట్టం కొన్ని ప్రమాదకరమైన పనులను మాత్రమే నిషేధించింది. టపాకాయలు, అగ్గిపెట్టెలు, బీడీల వంటివి. పత్తి చేను అందులో లేదు, మేకల మంద లేదు. ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకున్న ఆడపిల్ల ఆ చట్టం కంటికి ఆనేదే కాదు. పని చేసే పిల్లల కోసమని సర్కారు అనియత విద్యా కేంద్రాలు నడిపేది. మా వాడలోనూ సాయంత్రంపూట ఒకటి ఉండేది. లాంతరు వెలుగులో పలక మీద తల పెట్టి అక్క నిద్రపోయేది. పగలంతా పని చేసిన పిల్లకు రాత్రి చదువు చెప్పడమంటే, ఆ పగటి పని సబబేనని ఒప్పుకోవడమే. మీ సంస్థ ఆ బేరానికి దిగలేదు. ఏ పిల్లయినా పగటి బడికి, అందరూ వెళ్ళే సర్కారు బడికే వెళ్ళాలి. ఏ పనైనా పిల్లల ఎదుగుదలకు చెరుపే. పేదరికం పేరు చెప్పి బాలకార్మిక వ్యవస్థను సమర్థించే మాట ఎవరన్నా ఒప్పుకునేది లేదు. సంస్థ ఆశయాలంటూ గోడలకు తగిలించే పెద్ద పెద్ద వాక్యాలు నేను చాలా చూశాను. ఊళ్ళోకి వచ్చి మా అమ్మతో తిట్లు తిన్న ఆశయం మాత్రం ఇదొక్కటే.

ఊరి మీటింగులో అసలు గొడవ జరిగింది. రచ్చబండ దగ్గర బాల కార్మిక విమోచన వేదికకు చెందిన టీచర్లు ఇద్దరు, మీ కార్యకర్తలు, ఊరి పెద్దలు కూర్చున్నారు. “పిల్లలంతా బడికి పోతే మా గేదెలను ఎవరు కాస్తారు?” అని ఒక రైతు అడిగాడు. ఎవరైనా ఆయనను తిడతారేమోనని మా వాడవాళ్ళు చూశారు. ఎవరూ తిట్టలేదు. “మీ అబ్బాయి ఏ తరగతి?” అని మేడమ్ అడిగారు. “ఎనిమిది” అన్నాడాయన. “మరి మీ గేదెలను అతను కాయడం లేదెందుకు?” అన్నారు, అంతే మెల్లగా. ఆయన తువ్వాలు దులుపుకుని లేచి వెళ్ళాడు. విచిత్రం ఏమిటంటే, రెండేళ్ళ తర్వాత బడికి అదనపు గది కావాలని అర్జీ పెడితే మొదటి సంతకం ఆయనదే. మా వాడలో జీతానికి ఉన్న ముగ్గురు మగపిల్లలు బడికి వెళ్ళాక ఆ గేదెలను పెద్దవాళ్ళే కాశారు, పెద్దవాళ్ళ కూలే తీసుకున్నారు.

పన్నెండేళ్ళ అక్కను రెండో తరగతిలో కూర్చోబెడితే మర్నాడే పారిపోతుంది. అందుకే, పెద్ద పిల్లలను వయసుకు తగిన తరగతికి సిద్ధం చేసే మీ క్యాంపు. చేవెళ్ల వైపు ఒకచోట ఆడపిల్లల క్యాంపులో చేర్చారు. అక్క వెళ్ళాక నన్ను చూసుకునేవాళ్ళు లేక, అమ్మ నన్ను ఊరి బడిలో ఒకటో తరగతిలో కూర్చోబెట్టింది. మీరు ఒక పిల్లను అడిగారు, ఇద్దరం వెళ్ళాం. ఈ సంగతి మీ నోటుపుస్తకంలో ఉండకపోవచ్చు, అందుకే రాస్తున్నాను.

క్యాంపులో మొదటి వారం పాఠాలేమీ లేవట. పాటలు, ఆటలు, తలకు నూనె పెట్టి పేలు దువ్వడం, ఎవరి ఊరి కబుర్లు వాళ్ళు చెప్పుకోవడం. ఆ తర్వాత ఎవరి పేరు వాళ్ళు రాయడం, తర్వాత ఊరి పేరు, బస్సు బోర్డు. అక్కకు లెక్కలు ముందే వచ్చు, అంకెలే రావు. రేషన్ కిరోసిన్ కొలతలో డీలరు ఎంత కోత పెట్టేవాడో నోటితో చెప్పగలిగేది. మరి ఇబ్బందేమిటంటే, రాత్రి నిద్ర పట్టేది కాదు. ఐదేళ్ళుగా ఎడమవైపు మోసిన బరువు ఒక్కసారిగా పోయేసరికి నడక కూడా తడబడేదట. పిల్లలందరినీ వరుసగా నిలబెడితే అక్క ఒక్కతే ఎడమ నడుము పక్కకు తోసి నిలబడేది. ఇప్పటికీ అలాగే నిలబడుతుంది, ఫోటోల్లో చూడవచ్చు.

ఎనిమిదో రోజు పారిపోయి వచ్చింది. వానలో, చీకటి పడ్డాక, నా కోసం. నేనేమో బడి కబుర్లు చెబుతూ ఆమెను పెద్దగా పట్టించుకోలేదట. అక్క ఇప్పటికీ దెప్పే మాట అది. మర్నాడు వానలోనే మేడమ్ వచ్చారు. మందలించలేదు. తను కప్పుకున్న నీలం గళ్ళ దుప్పటి అక్కకు చుట్టి, సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళారు. ఈసారి అమ్మ నీళ్ళిచ్చింది.

ఇరవై నెలలు దాటాక అక్క ఏడో తరగతి కామన్ పరీక్ష రాసి పాసైంది. అక్కడి నుంచి సాంఘిక సంక్షేమ హాస్టల్. తొమ్మిదిలో ఒక సంబంధం వచ్చింది, అప్పటికి అక్కకు పదహారు. హాస్టల్ పిల్లలూ మీ కార్యకర్తలూ సర్పంచుతో కలిసి వచ్చి మా నాన్నతో ఒక పూటంతా మాట్లాడారు, అది ఆగింది. పదిలో లెక్కల పరీక్ష పోయింది. నోటి లెక్క వచ్చిన మనిషికి బీజగణితం కొరుకుడు పడలేదు. సప్లిమెంటరీలో గట్టెక్కింది.

మా వాడ నుంచి క్యాంపుకు వెళ్ళింది ఆరుగురు ఆడపిల్లలు. అందరి కథా ఇలా నడవలేదు. ఇద్దరు మధ్యలోనే వచ్చేశారు. ఒకరికి పదిహేనేళ్ళకే పెళ్ళైంది, ఆ పెళ్ళిని మీరు ఆపలేకపోయారు. కృతజ్ఞతలు చెబుతూ ఇది దాచడం నాకు ఇష్టం లేదు. పదిలక్షల మందికి పైగా పిల్లలను పని నుంచి బడికి తెచ్చామని మీ సంస్థ చెబుతుంది. అంత పెద్ద అంకె నా బుర్రకు ఎక్కదు. నాకు తెలిసింది ఆరు, అందులో మూడు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. మీరు మాకు ఒక్క రూపాయి ఇవ్వలేదు. బియ్యం ఇవ్వలేదు, చీర పెట్టలేదు. అమ్మకు చాలా కాలం ఇదే పెద్ద ఫిర్యాదు. “పిల్లను తీసుకెళ్ళారు గానీ పండక్కి ఒక రవికె గుడ్డ కూడా తేలేదు” అనేది. నాకు మాత్రం అందులోనే గౌరవం కనిపిస్తుంది. బిడ్డను బడికి పంపడానికి లంచం ఇవ్వాలని మీరు అనుకోలేదు. చదివించాలనే కోరిక అమ్మకు కూడా ఉంటుందనీ, దానికి దారి చూపితే చాలుననీ అనుకున్నారు. అది నిజమే. క్యాంపు నుంచి వచ్చిన మొదటి ఉత్తరాన్ని అమ్మ చదవలేకపోయినా, బియ్యం డబ్బాలో దాచి పెట్టుకుంది.

2003లో ఒకరోజు అక్కే పేపరు చదివి వినిపించింది. శాంతా సిన్హా గారికి రామన్ మెగసెసే అవార్డు వచ్చిందని. “మన నోటుపుస్తకం మేడమేనా?” అని అమ్మ అడిగింది. కాదు, వాళ్ళందరికీ పెద్దావిడ అని అక్క చెప్పింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రం చెప్పే ప్రొఫెసరనీ, తాతగారైన మామిడిపూడి వెంకటరంగయ్య పేరు మీద 1981లో పెట్టిన సంస్థ ఇదనీ, బాలకార్మికుల పని 1991లో మా జిల్లాలోనే మొదలుపెట్టారనీ చదివింది. “అవార్డు ఆవిడకు సరే. సైకిల్ తొక్కినామెకు ఏమిచ్చారు?” అంది అమ్మ. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఈ పోస్టు ఆ ప్రశ్న నుంచే పుట్టింది.

శాంతా సిన్హా గారు 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు మొదటి చైర్‌పర్సన్ అయ్యారు. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. అందులో 4వ సెక్షన్ ఒకటుంది. బడి మొహం చూడని పిల్లను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, తోటివాళ్ళను అందుకునేలా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి అంటుంది. అంగన్‌వాడీ టీచరుగా ఒక శిక్షణలో అక్క ఆ చట్టం గురించి విన్నదట. “ఇది మా క్యాంపే కదా” అని పక్కనున్నామెతో అనేసిందట. ఆమెకు అర్థం కాలేదు.

చదువు వల్ల అక్క ఏ కలెక్టరో అయిపోలేదు. పక్క ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు. జీతం తక్కువ, రాతపని ఎక్కువ, గుడ్ల లెక్క తేలక నెలకోసారి తలనొప్పి. నేను డిగ్రీ చేసి ప్రైవేటు ఉద్యోగంలో ఉన్నాను. మా ఇద్దరిలో తెలివైనది ఆమె అని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఐదేళ్ళు నేను చంకలో కూర్చోకుండా ఉంటే ఆమె ఎంత దూరం వెళ్ళేదో. ఆ ఐదేళ్ళు మీరు కూడా తిరిగి ఇవ్వలేరు. ఆరో ఏడు కాకుండా ఆపారు.

మొన్నటి బడిబాటలో ఆమె వెనకాలే నేనూ ఒక పూట నడిచాను. ఊరి చివర ఇటుక బట్టీ దగ్గర ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలున్నాయి. ఒక గుడిసె ముందు పదేళ్ళ పిల్ల చంటివాణ్ణి ఎత్తుకుని నిలబడింది, ఎడమ చంకన. వాళ్ళమ్మ వచ్చీరాని తెలుగులో “ఏం లేదు, ఇంట్లోనే” అంది. అక్క రిజిస్టరు తెరిచి పిల్ల పేరు రాసింది. దాని పక్కన ఏం రాసిందో నేను చూడలేదు గానీ, వాళ్ళ నుంచి మంచినీళ్ళు మాత్రం అడిగి మరీ తాగింది. మూడో రోజు మళ్ళీ వెళ్ళిందని తెలిసింది.

మేడమ్, మీ పేరు అక్కకు తెలుసు. ఇక్కడ రాయవద్దంది, మీకు ఇష్టమో కాదోనని. మీరు ఇప్పుడు ఎక్కడున్నారో తెలియదు. ఇది మీ కంటపడితే, లేదా మీ పాత స్నేహితులెవరైనా చదివి మీకు చెబితే, ఒక విషయం. నీలం గళ్ళ దుప్పటి ఇంకా ఉంది. ఒక మూల నిప్పురవ్వ పడి చిన్న చిల్లు ఉంటుంది, అది మీ దగ్గరున్నప్పుడే పడిందట. ఇప్పుడది అంగన్‌వాడీలో మధ్యాహ్నం పిల్లలు పడుకునేచోట పరిచి ఉంటుంది. ఎప్పుడైనా వచ్చి తీసుకువెళ్ళండి. అక్క ఇస్తుందని మాత్రం నేను మాట ఇవ్వలేను.