ఉద్యోగం కాదు, చదువూ కాదంటున్న జే-1 వీసా వ్యాపారం ఎవరి బాధ్యత? మంత్రి గారికి బహిరంగ లేఖ

విదేశీ ఉపాధి వ్యవహారాలు చూస్తున్న గౌరవనీయ మంత్రి గారికి నమస్కారాలు.

అయ్యా, నేను పంపిన మూడు వినతిపత్రాలలో మొదటిదానికి ఒక నమోదు సంఖ్య వచ్చింది. రెండోదానికి ‘సంబంధిత విభాగానికి పంపడమైనది’ అన్న ఒక్క వాక్యం వచ్చింది. మూడోదానికి ఏమీ రాలేదు. ఆ సంబంధిత విభాగం ఏదో తెలుసుకోవడానికి ఐదు నెలలుగా ఆఫీసుల చుట్టూ తిరిగాను, ఎవరూ చెప్పలేకపోయారు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను. శిక్షణ లాంటి వాటి కోసం కొంతకాలం రావడానికి అమెరికా ఇచ్చే జే-1 వీసా నిబంధనలు మీకు తెలిసినవే కనుక వాటి జోలికి ఎక్కువగా పోను. ఆ వీసాను మా ఊళ్లలో ఏమని చెప్పి అమ్ముతున్నారో మాత్రం మీ దృష్టికి వచ్చినట్టు లేదు. అది చెప్పుకోవడానికే ఈ లేఖ.

నేను హనుమకొండలో ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్‌లోని ఒక సంస్థలో మూడేళ్లుగా సెక్యూరిటీ అనలిస్టుగా పనిచేస్తున్నాను. నాది ఎక్కువగా రాత్రి షిఫ్టు. ఒక ఉద్యోగి ఖాతా రాత్రి రెండు గంటలకు హైదరాబాద్ నుంచి తెరుచుకుని, ఇరవై నిమిషాలు తిరగకుండానే మరో ఖండం నుంచి తెరుచుకుంటే తెర మీద ఎర్రగా ఒక అలర్ట్ వస్తుంది. దాన్ని చూసి, నిజమైనదో కాదో తేల్చి, నిజమైతే పైస్థాయి బృందానికి పంపడం నా పని. ఆ తర్వాత ఏం జరిగిందో, దొంగ ఎలా లోపలికి వచ్చాడో, ఎంతవరకు వెళ్లాడో నాకు తెలియదు. దాడి జరిగిన యంత్రాన్ని, అందులో జరిగినదంతా నమోదయ్యే చిట్టాలైన లాగ్‌లను తవ్వి మొత్తం కథను బయటికి తీసే ఆ పనిని దగ్గరుండి నేర్చుకోవాలని నా కోరిక. డిగ్రీ ఉండి, స్వదేశంలో కనీసం ఏడాది పని అనుభవం ఉన్నవారిని గరిష్ఠంగా 18 నెలల పాటు ట్రైనీగా తీసుకునే జే-1 విభాగం నాలాంటి వారి కోసమే ఉందని నిబంధనలు చదివే అనుకున్నాను. ఆ మాటలో తప్పు లేదు. ఆ వీసా మంచిదేనని ఇప్పటికీ నమ్ముతున్నాను.

నేను వెళ్లిన కన్సల్టెన్సీలో మాత్రం ‘ట్రైనీ’ అన్న మాట ఒక్కసారి కూడా వినిపించలేదు. ‘అమెరికాలో సైబర్ సెక్యూరిటీ జాబ్’ అన్నారు. 2024 డిసెంబరు 9న అమెరికా తన నైపుణ్యాల జాబితాను సవరించి అందులోంచి భారతదేశాన్ని తీసివేసింది. దానితో, ఆ జాబితా కారణంగా మన వాళ్లు కార్యక్రమం ముగిశాక రెండేళ్లు స్వదేశంలో ఉండి తీరాలన్న షరతు తొలగింది. ఈ మార్పును వాళ్లు గోడకు అంటించి పెట్టుకున్నారు. ఇక తిరిగి రావలసిన పనే లేదని, వెళ్లాక అక్కడే హెచ్-1బీకి మారిపోవచ్చని, ఏడాదిలో స్థిరపడిపోవచ్చని చెప్పారు. రెండేళ్ల షరతు పోయినంత మాత్రాన తిరిగి వచ్చే ఉద్దేశం నిరూపించుకోవలసిన బాధ్యత పోలేదని వాళ్లు చెప్పలేదు. అమెరికాలో ప్రభుత్వ కాంట్రాక్టులతో ముడిపడిన సైబర్ సెక్యూరిటీ ఉద్యోగాలు చాలావాటికి సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ రహస్య సమాచారం చూసే అనుమతి, కావాలని, దానికి అమెరికా పౌరసత్వం ఉండాలని కూడా చెప్పలేదు. ఈ రంగంలో ఉన్న నాకే అది అప్పుడు గుర్తు రాలేదు. ఇక నిన్నగాక మొన్న కాలేజీ నుంచి బయటికి వచ్చిన పిల్లలకు ఎలా తెలుస్తుంది?

వాళ్లకు కట్టిన మొత్తం 3,80,000 రూపాయలు. మా నాన్న ఆర్టీసీలో 31 ఏళ్లు బస్సు నడిపి పదవీ విరమణ చేశారు. అప్పుడు చేతికి వచ్చిన డబ్బులోంచి తీసి ఇచ్చారు. నేను దరఖాస్తు చేసిన నాటికి అమెరికా ప్రభుత్వానికి చేరే సెవిస్ ఫీజు, అంటే జే-1 లాంటి వీసాల మీద వచ్చేవారి వివరాలు నమోదు చేసే వ్యవస్థకు కట్టేది, 220 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు. రెండూ కలిపినా 405 డాలర్లే. మిగిలిన డబ్బు దేనికని అడిగితే ప్రాసెసింగ్ అన్నారు. రసీదు మీద మాత్రం ‘సాఫ్ట్ స్కిల్స్ శిక్షణ రుసుము’ అని రాశారు. ఆ రసీదును ఎందుకు అలా రాశారో నాకు పోలీసు స్టేషన్‌కు వెళ్లాక గానీ అర్థం కాలేదు.

శిక్షణ ప్రణాళిక పత్రమైన డీఎస్-7002 మీద నేను చివరి పేజీ మాత్రమే చూసి సంతకం పెట్టాను. పూర్తి పత్రం ఇంటర్వ్యూకు ముందు ఇస్తామన్నారు. చదవకుండా సంతకం పెట్టడం నా తప్పే, కాదనను. 2025 మే చివరిలో అమెరికా కాన్సులేట్లలో కొత్త వీసా ఇంటర్వ్యూ స్లాట్లు ఆపేశారు. జూన్‌లో మళ్లీ తెరిచినప్పుడు సోషల్ మీడియా ఖాతాలన్నీ అందరికీ కనబడేలా పెట్టాలన్నారు. అవన్నీ దాటుకుని ఆగస్టులో నాకు తేదీ దొరికింది. ఆ రోజు పొద్దున్న ఆరున్నరకు కన్సల్టెన్సీ మనిషి ఒక నీలం ఫైలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. వరుసలో నిలబడి తెరిచాను. మొదటి దశ, రెండో దశ అక్షరం తేడా లేకుండా ఒకటే పేరా. మూడో దశలో నేను నేర్చుకోబోయే వాటిలో ‘అతిథుల రాక నమోదు, గదుల కేటాయింపు’ అని ఉంది. ఏదో హోటల్ ట్రైనీ పత్రాన్ని తీసుకుని, పైన నా పేరు మార్చి, మధ్యలో ఫైర్‌వాల్ అన్న మాట రెండుసార్లు ఇరికించారు. శిక్షణ ఇస్తుందన్న సంస్థలో మొత్తం సిబ్బంది తొమ్మిది మంది. ఆ సంస్థ చేసే వ్యాపారం వేరే కంపెనీలకు మనుషులను సరఫరా చేయడం. ట్రైనీలను ఎంపిక చేయడానికి గానీ, చేర్చడానికి గానీ, శిక్షణ ఇవ్వడానికి గానీ స్టాఫింగ్ ఏజెన్సీలను వాడుకోకూడదని అమెరికా నిబంధనల్లోనే స్పష్టంగా ఉంది.

కిటికీ అవతల ఉన్న అధికారి ఆ పత్రాన్ని తిప్పి మూడో దశ మీద వేలు పెట్టి, సైబర్ సెక్యూరిటీ శిక్షణలో గదుల కేటాయింపు ఎందుకుందని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. వీసాకు అర్హత నిరూపించుకోలేదని చెప్పే 214(బి) సెక్షన్ కింద తిరస్కరించినట్టు ఒక కాగితం చేతికి ఇచ్చారు. ఆ అధికారిని నేను తప్పుపట్టడం లేదు, ఆ స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని. ఇకపై అమెరికా వీసాకు ఎప్పుడు దరఖాస్తు చేసినా, గతంలో నిరాకరించారా అన్న ప్రశ్నకు అవునని రాయవలసినదాన్ని నేను. ఆ నీలం ఫైలు తయారుచేసినవాడికి ఏ కాగితం మీదా ఏ మచ్చా లేదు.

జే-1 కార్యక్రమం నడపడానికి అమెరికా ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్పాన్సర్ సంస్థకు ఉత్తరం రాస్తే, ఆ కన్సల్టెన్సీతో తమకు ఎలాంటి ఒప్పందమూ లేదని రెండు రోజుల్లో జవాబు వచ్చింది. తమ తరఫున పనిచేసే ప్రతి మూడో పక్షంతోనూ స్పాన్సర్‌కు లిఖితపూర్వక ఒప్పందం ఉండాలని అక్కడి నిబంధన. అలాంటి పత్రాన్ని వారు ఎలా ఆమోదించారన్నది వేరే విషయం, దానికి వారు తమ ప్రభుత్వానికి జవాబు చెప్పుకోవాలి. నా ప్రశ్న మన ప్రభుత్వానికి, అంటే మీకు.

పోలీసుల దగ్గరికి వెళ్తే రసీదు చూసి, సాఫ్ట్ స్కిల్స్ శిక్షణ ఇచ్చారా లేదా అని అడిగారు. మూడు రోజులు ఇంటర్వ్యూ ప్రాక్టీసు చేయించారని చెబితే, అయితే ఇది సివిల్ వ్యవహారమని పంపించేశారు. విదేశీ ఉద్యోగాల ఏజెంట్ల ఫిర్యాదులు చూసే ఒక కార్యాలయానికి వెళ్తే, జే-1 మీద వెళ్లేది శిక్షణకు గనుక అది ఉద్యోగం కాదు, మా పరిధిలోకి రాదన్నారు. విద్యా వ్యవహారాలు చూసే మరో చోటికి వెళ్తే, ఏ విశ్వవిద్యాలయంలోనూ ప్రవేశం లేదు గనుక అది చదువు కాదన్నారు. ఉద్యోగం కాదు, చదువూ కాదు. మరి మా నాన్న డబ్బు పోయింది దేనికింద, అయ్యా?

1983 నాటి వలసల చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటు నమోదై ఉండాలి. అతను వసూలు చేయగల సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించకూడదు. గల్ఫ్‌కు వెళ్లే మేస్త్రీకి ఉన్న ఈ రక్షణ నాకు ఎందుకు లేదు? ఆ మేస్త్రీకి ఉండటం తప్పని కాదు, ఆ రక్షణ ఇంకా గట్టిగా ఉండాలని కోరుకునేదాన్ని నేను. నా దగ్గర డిగ్రీ ఉంది గనుక, నేను వెళ్లే వీసా మీద ‘ఎక్స్ఛేంజ్ విజిటర్’ అని రాసి ఉంది గనుక, నన్ను మోసం చేయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదన్నట్టుంది పరిస్థితి. ఒకే గదిలో, ఒకే కుర్చీలో కూర్చున్న మనిషి ‘జాబ్’ అని చెప్పి డబ్బు తీసుకుంటున్నాడు. చట్టం ముందుకు వచ్చేసరికి అదే మనిషి ‘శిక్షణ’ అంటున్నాడు. అతను ప్రకటనలో ఏ మాట వాడాడో, ఏ మాట చెప్పి డబ్బు తీసుకున్నాడో ఆ మాటకే అతన్ని కట్టుబడేలా చేయమని నేను అడుగుతున్నాను.

2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ పిటిషన్లకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పటి నుంచి ఈ వ్యాపారం ఇంకా పెరిగింది. అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర నడుస్తుంటే చేతిలో పెట్టే కరపత్రాల మీద ఇప్పుడు జే-1 పేరు కనిపిస్తోంది. ఏ అనుభవమూ లేని వారికి ఫేక్ ఎక్స్‌పీరియన్స్ లెటరు పెట్టి ట్రైనీగా పంపిస్తామంటున్నారు. అది దొరికితే పోయేది ఒక్క వీసా కాదు. అబద్ధపు పత్రం పెట్టారని తేలితే జీవితాంతం అమెరికా తలుపు మూసుకుపోవచ్చు. 2024లో ఉత్తరాంధ్ర పిల్లలు డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి కంబోడియా వెళ్లి, సైబర్ నేరగాళ్ల శిబిరాల్లో చిక్కుకున్నాక గానీ వాళ్లను పంపిన ఏజెంట్ల సంగతి బయటపడలేదు. ఇది అంత ఘోరం కాదని నాకు తెలుసు. కానీ అప్పుడూ ఇప్పుడూ మొదటి మెట్టు ఒకటే, నమోదు లేని మనిషి ఒక గది అద్దెకు తీసుకుని విదేశంలో కంప్యూటర్ ఉద్యోగం అమ్మడం.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. జే-1 ట్రైనీ, ఇంటర్న్ విభాగాలకు డబ్బు తీసుకుని మనుషులను పంపేవారు కూడా నమోదు చేసుకోవాలని ఒక ఉత్తర్వు ఇవ్వండి. రుసుముకు ఒక పరిమితి పెట్టండి. రసీదు మీద ఏ వీసా కోసం తీసుకున్నారో రాయించండి. డీఎస్-7002 పూర్తి ప్రతిని సంతకానికి ముందే అభ్యర్థి చేతికి ఇవ్వాలని ఆదేశించండి. ఈ ఆఖరిది ఒక్కటి ఉండి ఉంటే నేను ఆ గదుల కేటాయింపును నెలల ముందే చూసి ఉండేదాన్ని. ఇవేవీ వెంటనే కుదరకపోతే, కనీసం ఇలాంటి ఫిర్యాదు ఏ కార్యాలయానికి ఇవ్వాలో ఒక్క పేరు ప్రకటించండి. మూడు వినతిపత్రాల్లోనూ నేను అడిగింది ఇదే.

నా జూనియర్ ఒకమ్మాయి, జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చినది, మొన్న ఫోన్ చేసింది. పోయిన ఏడాదే డిగ్రీ పూర్తయింది. ఇంకో కన్సల్టెన్సీ వాళ్లు సోమవారం లోపు లక్షన్నర అడ్వాన్సు కట్టమన్నారట. స్పాన్సర్ పేరు అడిగి తీసుకుని, అమెరికా విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లోని గుర్తింపు పొందిన స్పాన్సర్ల జాబితాలో ఉందో లేదో చూసుకోమన్నాను. చూసింది, ఉంది. అప్పుడు ఆ అమ్మాయి, ‘స్పాన్సర్ సరే అక్కా, మరి ఈ కన్సల్టెన్సీ మంచిదో కాదో మన ప్రభుత్వం జాబితా ఎక్కడ చూసుకోవాలి?’ అని అడిగింది. ఏ జాబితా చూసుకోమని చెప్పాలో సోమవారం లోపు నాకు తెలియజేయవలసిందిగా వేడుకుంటున్నాను.

ఇట్లు,
హనుమకొండకు చెందిన ఒక సెక్యూరిటీ అనలిస్టు