రోహిణి కార్తెలో మిద్దె తోట: సభ్యులకు సూచన

సభ్యులందరికీ నమస్కారం. టమాటా పూత నిలవడం లేదని గ్రూపులో చాలామంది రాస్తున్నారు. పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రిళ్లు కూడా చల్లబడనప్పుడు టమాటా పుప్పొడి సరిగా పనిచేయదు కాబట్టి ఇప్పుడు ఎరువు పెంచినందువల్ల ప్రయోజనం ఉండదు. మన విశాఖలో గాలి తేమ వల్ల రాత్రి ఉక్కపోత తగ్గదు కనుక, ఆ మొక్కలను కొద్దిగా కత్తిరించి, సగం ఎండను ఆపే ఆకుపచ్చ వల కింద బతికించుకోవడమే మేలని నా అభిప్రాయం.

నీరు తెల్లవారుజామున, కుండీ అడుగు రంధ్రాల నుంచి కారేదాకా పోయండి. సాయంత్రం ఆకులు తడిపితే, ఈ తేమలో అవి రాత్రంతా ఆరక బూజు తెగుళ్లకు దారితీయవచ్చు. సముద్రానికి దగ్గరగా, లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు ఉండేవారు బోరు నీరు ఉప్పగా ఉందేమో చూసుకోవాలి. మట్టిపై తెల్లని పొర కట్టి, ఆకుల అంచులు మాడుతుంటే ఉప్పు పేరుకుందని అనుమానించి, అప్పుడప్పుడు మంచినీటితో మట్టిని బాగా కడగండి. ఏసీ నుంచి కారే నీటిలో లవణాలు దాదాపు ఉండవు. దాన్ని చాలామంది ఊరికే వదిలేస్తున్నారు!

మట్టిపై ఎండుటాకులో కొబ్బరి పీచో పరచండి.

బెండ, గోరుచిక్కుడు, తోటకూర, బచ్చలి ఈ ఎండకు తట్టుకుంటాయి. ఆనప, బీర గింజలను మాత్రం మృగశిర కార్తెలో వానలు పడ్డాక విత్తుకోవచ్చు.