ఎండుగడ్డి మంటే కదా అనుకోవద్దు

ఎడిటర్ గారికి,

కొండవీడు ఘాట్ రోడ్డు పక్కన ఎండుగడ్డిలోకి సిగరెట్ ముక్కలు విసిరేవాళ్లను చూసి రాస్తున్నాను. మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్లినప్పుడు మోంటానా రాష్ట్రంలోని మాన్ గల్చ్ అనే కొండలోయ చూశాను. మిస్సోరీ నది మీద పడవలో వెళ్లి, నిటారు వాలు ఎక్కాలి. కాళ్ల కింద రాళ్లు జారుతుంటాయి. 1949 ఆగస్టు 5న అక్కడ కార్చిచ్చులో 13 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. ఎవరు ఎక్కడ పడిపోయారో అక్కడే గుర్తు నిలిపారు. నా మోకాళ్ల సంగతి సరే, వాళ్లు గట్టి కుర్రాళ్లు. అయినా ఎగువకు ఎగబాకే మంటను మించి పరిగెత్తలేకపోయారు. నాయకుడు వాగ్నర్ డాడ్జ్ మాత్రం తన ముందున్న గడ్డిని తానే తగలబెట్టి, ఆ కాలిన చోట పడుకుని బతికాడు.

వేసవి నెలల్లో కొండవీడు కొండ కిందే అగ్గిపెట్టెలు, లైటర్లు తీసుకుని ఉంచే మనిషిని పెట్టాలి. సెల్ఫీల కోసం గడ్డిలోకి దిగేవాళ్లనూ ఆపాలి.

– విశ్రాంత ఉపాధ్యాయుడు, బ్రాడీపేట, గుంటూరు